ఆమె తొక్కిన దారి

చక్రధర్ కాలు విరగలేదు. విరిగినా బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. విరిగిన కాలికి పిండికట్టు వేస్తారు. చూసినవాళ్లు అయ్యో అంటారు, కుర్చీ జరిపి కూర్చోమంటారు. అతనికి తెగింది మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు. పైకి కాస్త వాపు తప్ప ఏమీ కనిపించదు. ఎల్లారెడ్డిలో పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఆ వాపును చూసి, "గింతేనా సార్, జెండూబామ్ రాస్తే పోతది" అని చాయ్ తాగి వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "మేడం మదురై దాక తొక్కిందట గదా! శెబాష్" అన్నారు.

అక్కడ పుట్టింది మంట.

చక్రధర్ పీఈటీ సారు. కాలేజీ రోజుల్లో సైకిల్ పందేల్లో యూనివర్సిటీ తరఫున తొక్కినవాడు. ఆ కప్పులు ఇప్పటికీ ఇంట్లో టీవీ పక్కన ఉంటాయి. నలభై ఆరేళ్లు వచ్చినా పొద్దున్నే నిజాంసాగర్ రోడ్డు మీద సైకిల్ తొక్కకపోతే అతనికి తెల్లవారినట్టుండదు. కన్యాకుమారి నుంచి ఎల్లారెడ్డి దాకా సైకిల్ మీద రావాలన్న ఆలోచన అతనిదే. వాళ్ల బాపు సిద్ధిరాములుకు కిడ్నీలు చెడిపోయి, రక్తం శుద్ధి చేయించుకోవడానికి వారానికి రెండుసార్లు కామారెడ్డి పోవాల్సి వచ్చేది. బస్సులో పోవడం, బస్సులో రావడం. పోయేటప్పుడు మనిషిలా ఉండేవాడు, వచ్చేటప్పుడు పిండేసిన బట్టలా వచ్చేవాడు. అట్లా రెండేళ్లు తిరిగి తిరిగి ఒక వానాకాలం పోయాడు. ఎల్లారెడ్డి, లింగంపేట మండలాల్లో అట్లాంటి మనుషులు ఇంకా ఎందరో ఉన్నారు. వాళ్లను ఇంటి దగ్గర ఎక్కించుకుని, ఆస్పత్రికి తీసుకుపోయి, మళ్లీ ఇంటి దగ్గర దించే ఒక వ్యాను కావాలి. దానికి చందాలు పోగు చేయడానికే ఈ యాత్ర. ఉద్యోగం వదిలి నెలలకొద్దీ పోలేడు కాబట్టి సెలవులు దొరికినప్పుడల్లా కొంత కొంత తొక్కాలని, ఎక్కడ ఆపాడో మళ్లీ అక్కడికి పోయి అక్కడి నుంచే మొదలుపెట్టాలని అనుకున్నాడు.

భార్య పద్మప్రియ లింగంపేట పిల్ల. అక్కడి ప్రాథమిక పాఠశాలలోనే టీచరు. చిన్నప్పుడు అన్న సైకిల్ మీద బడికి పోయిన అలవాటుంది. పెళ్లయి, బిడ్డ పుట్టి, ఒళ్లు వచ్చాక డాక్టరు నడవమంటే, "నడుసుడు నాతోని గాదు, నీతోపాటు సైకిల్ తొక్కుత" అని రెండేళ్ల క్రితం మొదలుపెట్టింది. గేర్లు మార్చడం నేర్పింది చక్రధరే. ఎత్తు ఎక్కేటప్పుడు ముందే గేరు దించాలని, నడుము ఊపొద్దని, దాహం వేయకముందే నీళ్లు తాగాలని, అన్నీ అతనే చెప్పాడు. యాత్రలో ఆమె పని, అతని వెంట తొక్కగలిగినంత తొక్కి, చాతకానప్పుడు వెనక వచ్చే మల్లేష్ వ్యానులో ఎక్కడం. మల్లేష్ చక్రధర్‌కు చిన్ననాటి దోస్తు. బస్టాండు దగ్గర అతని పాత ఓమ్ని వ్యాను కిరాయికి తిరుగుతుంటుంది.

దసరా సెలవుల్లో కన్యాకుమారిలో బయలుదేరారు. రెండో రోజు, పద్మప్రియ ఇంకా ఒక్కసారీ వ్యాను ఎక్కకముందే, తిరునెల్వేలి దాటాక ఒక కుక్క అడ్డం వచ్చింది. చక్రధర్ దాన్ని తప్పించాడు, తనను తాను తప్పించుకోలేకపోయాడు.

ఆస్పత్రి బయట అరుగు మీద కూర్చుని, "ఇగ వాపస్ పోదాం" అన్నాడు.

పద్మప్రియ హెల్మెట్ తీసి, చెమటకు నుదుటికి అతుక్కున్న వెంట్రుకలు వెనక్కి తోసుకుంది. "గింత దూరమొచ్చి ఎట్ల పోతం? నేను తొక్కుత."

"నువ్వా?" చక్రధర్ నొప్పిలో కూడా నవ్వాడు. "మదురై దాకనా?"

"చూద్దాం. పోయిన కాడికి."

సరే అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలుసు. రేపు మధ్యాహ్నం ఎండకు ఆమె దిగుతుంది, అప్పుడు అందరం కలిసి తిరిగిపోవచ్చు, ఓడిపోయినవాడు తానొక్కడే కాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు వ్యానులో ముందు సీట్లో కాలు చాచుకుని కూర్చుని రోజంతా భార్య వీపు చూశాడు. నీలం టీషర్టు మీద చెమట మొదట ఆకంత, తర్వాత విస్తరంత అయింది. "ఇంకో గంటల దిగుతది చూడు" అన్నాడు మల్లేష్‌తో.

మల్లేష్ అదే మాట మళ్లీ మళ్లీ వినేసరికి స్టీరింగు మీద చెయ్యి తట్టి, "పొద్దుగాలకెళ్లి గదే పాట. చెల్లె దిగేటట్టు లేదురా చక్రి. నువ్వు నీళ్లు తాగు" అన్నాడు.

ఆమె దిగలేదు. ఆ మర్నాడు రాత్రి మదురైలో సైకిల్ గోడకు ఆనించి, ఇడ్లీ తుంచే ఓపిక లేక పళ్లెం ముందు కూలబడింది. చక్రధరే తుంచి చట్నీలో అద్ది నోట్లో పెట్టాడు. మొగుడిగా జాలిపడ్డాడు. ఆ జాలి వెనకే మరొకటి చుర్రుమంది. అదేంటో అతనికి ఆ రాత్రి తెలియలేదు. ఎల్లారెడ్డికి వచ్చి, గుమ్మంలో నిలబడి జనం శెబాష్ అన్నప్పుడు తెలిసింది.

*

జనవరి సెలవుల్లో రెండో విడత. మదురై నుంచి బెంగళూరు. డాక్టరు చక్రధర్‌ను ఎండాకాలం దాకా పెడల్ మీద కాలు పెట్టొద్దన్నాడు. అయినా వ్యానులో వెళ్లాడు. వెళ్లకపోతే జనం ఏమనుకుంటారోనని వెళ్లాడు.

సేలం దాటాక తొప్పూరు ఘాటు ఉంది. లారీలే ఏడుస్తూ ఎక్కే ఎత్తు. పద్మప్రియ ఎత్తు మొదట్లోనే గేరు దించింది, నడుము ఊపకుండా, తల దించుకుని, ఒకే తీరుగా తొక్కింది. సరిగ్గా అతను నేర్పినట్టే. తన విద్య తన కళ్లముందే ఇంకొకరి కాళ్లలో నడుస్తుంటే గురువన్నవాడు మురిసిపోవాలి. చక్రధర్ పళ్లు నూరుకున్నాడు. ఒక్కసారైనా తప్పు గేరు వేస్తుందేమో, కిటికీలోంచి తల బయటపెట్టి అరుద్దామని ఘాటు పొడవునా ఎదురుచూశాడు. ఆమె ఒక్క తప్పూ చేయలేదు.

హోసూరులో తెలుగువాళ్లు కొందరు ఎదురొచ్చి శాలువా కప్పారు, దండ వేశారు. ఫోటో దిగేటప్పుడు ఆమె హెల్మెట్, చేతి తొడుగులు ఎవరికివ్వాలో తెలియక చూస్తుంటే ఒక పెద్దమనిషి అవి తీసుకుని చక్రధర్ చేతుల్లో పెట్టాడు. "మీరు మేడం డ్రైవరా అండీ?" అని మర్యాదగానే అడిగాడు.

మల్లేష్ పక్కకు తిరిగి నవ్వాపుకున్నాడు. చక్రధర్ నవ్వలేదు.

తిరిగొచ్చిన వారానికి కామారెడ్డి నుంచి ప్రేమ్‌కుమార్ అనే విలేకరి ఫోన్ చేశాడు. పద్మప్రియ బడిలో ఉంది. ఫోన్ ఎత్తింది చక్రధర్. "మీ కుటుంబం సైకిల్ యాత్ర గురించి రాద్దామనుకుంటున్న సార్. మేడం ఉన్నరా?"

"లేదు. నాకు చెప్పుండ్రి. యాత్ర నాదే."

అబద్ధం ఒక్కటీ ఆడలేదు. బాపు గురించి చెప్పాడు. బస్సు గురించి, వ్యాను గురించి చెప్పాడు. ఆలోచన తనదన్నాడు, నిజమే. కన్యాకుమారిలో బయలుదేరామన్నాడు, నిజమే. ఇప్పుడు బెంగళూరు దాకా అయిందన్నాడు, అదీ నిజమే. తొక్కిందెవరన్నది విలేకరి అడగలేదు, చక్రధర్ చెప్పలేదు. ఫోటో పంపమంటే యూనివర్సిటీ రోజుల్లో కప్పు పట్టుకుని దిగిన ఫోటో పంపాడు.

రెండు రోజులకు జిల్లా పేజీలో వచ్చింది. నల్లటి జుట్టు, సన్నటి నడుము, చేతిలో కప్పు. కింద 'తండ్రి కోసం కొడుకు సైకిల్ యాత్ర' అని పెద్ద అక్షరాలు. చివరి వాక్యంలో 'కుటుంబసభ్యులు సహకరిస్తున్నారు' అని ఉంది.

తొమ్మిదో తరగతి చదివే కూతురు సాయిశ్రీ ముందు చూసింది. "డాడీ, గిదేంది? మమ్మీ పేరే లేదు" అంది.

"వాళ్లు రాసుకున్నరు. నన్నేం జేయమంటవు?"

పద్మప్రియ వంటింట్లోంచి వచ్చింది. పేపరు తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివింది. మడిచి టీపాయి మీద పెట్టింది. "ఫోటో మంచిగొచ్చింది" అని పొయ్యి మీద పప్పు మాడుతోందని లోపలికి పోయింది.

తిట్టినా బాగుండేది. అరిచి ఉంటే అతనూ అరిచేవాడు, అరుపుల్లో కొంత కొట్టుకుపోయేది. ఆ ఒక్క మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఉప్పుంది, కారముంది, మాటలు మాత్రం అవసరానికి సరిపడానే ఉన్నాయి.

*

మూడో విడతకు చక్రధర్ పోలేదు. శివరాత్రికి అటూ ఇటూ సెలవులు కలిసొచ్చాయి. "బళ్ల ఆటల పోటీలున్నయి" అన్నాడు. నిజంగా ఉన్నాయి కూడా. పద్మప్రియ బతిమిలాడలేదు. సైకిల్ గొలుసుకు తనే నూనె వేసుకుంది, చక్రాల్లో గాలి తనే చూసుకుంది. ఇంతకాలం ఆ పని అతనిది. సంచి భుజాన వేసుకుని, "అత్తమ్మా, పోయొస్త" అని అత్తకు చెప్పి మల్లేష్ వ్యానెక్కింది.

బెంగళూరు నుంచి కర్నూలు. రోజూ సాయంత్రం ఆమె ఫోన్ చేసేది. చక్రధర్ తల్లి విమలమ్మ మాట్లాడేది, సాయిశ్రీ మాట్లాడేది. తర్వాత ఫోన్ చక్రధర్ దగ్గరికి వస్తే, "బాత్రూంల ఉన్న అని చెప్పు" అనేవాడు.

పగలు మాత్రం ఆమె ఎక్కడుందో నిమిషనిమిషం అతనికి తెలుసు. బడి మైదానంలో పిల్లలు కబడ్డీ ఆడుతుంటే చెట్టు కింద కూర్చుని ఫోన్‌లో వాతావరణం చూసేవాడు. అనంతపురం దగ్గర ఎదురుగాలి అని చూపిస్తే గుండెలో ఎవరో చల్లటి నీళ్లు పోసినట్టుండేది. ఎదురుగాలిలో తొక్కడమంటే ఏమిటో అతనికి తెలుసు. గుంజి గుంజి తొడలు రాళ్లవుతాయి. కళ్లల్లో దుమ్ము. ముందుకు పోతున్నట్టే ఉండదు. ఇవ్వాళ దిగుతుంది, ఇవ్వాళ ఖాయం, అనుకునేవాడు. ఆ అనుకోవడంలో ఎంత సుఖముందో గ్రహించి ఒక మధ్యాహ్నం ఉలిక్కిపడ్డాడు. బాపు పేరు మీద, రోగుల కోసం, తన భార్య ఎండలో తొక్కుతుంటే తను గాలికి మొక్కుతున్నాడు. ఛీ అనుకుని ఫోన్ జేబులో పెట్టాడు. పావుగంటకు మళ్లీ తీశాడు.

విమలమ్మ ఇంటి ముందు చాటలో తునికాకు పెట్టుకుని కూర్చుని ఉంది. బీడీలు చుట్టడం మానేయమని కొడుకు ఎన్నిసార్లు చెప్పినా, చేతులు ఊరుకోవంటుంది. ఆ సాయంత్రం అతను రాగానే తల ఎత్తకుండానే అడిగింది.

"కోడలు ఫోన్ జేస్తే మాట్లాడవేందిరా?"

"ఏం లేదవ్వా. పని."

"ఏం పని? నీ మొకం జూసుకున్నవా అద్దంల? మీ బాపు కిరాణం ముంగట ఇంకో దుకణం పెట్టినప్పుడు గిట్లనే అయిండు. మూడు నెలలు అన్నం సయించలే. గా దుకణపాయన పరాయోడు. ఇది నీ పెండ్లామురా." దారం పళ్లతో కొరికి బీడీ చాటలో వేసింది. "నేనేమన్న తప్పన్ననా?"

చక్రధర్ లోపలికి పోయాడు. తప్పు అనలేదు కాబట్టే పోయాడు.

పద్మప్రియ కర్నూలు చేరింది. ఎదురుగాలిలోనే చేరింది.

*

మార్చిలో కామారెడ్డిలో ఒక మహిళా సంఘంవాళ్లు ఆమెకు సన్మానం పెట్టారు. చందాలు అప్పటికే బాగా పోగవుతున్నాయి, వ్యాను కొనడం ఖాయమైంది. చక్రధర్ మూడో వరసలో కూర్చున్నాడు. మాటలు రాని మనిషి కదా, రెండు ముక్కలు చెప్పి దిగుతుందిలే అనుకున్నాడు. చిన్నపిల్లలకు ఇరవయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్న మనిషికి మాటలు రావని ఎట్లా అనుకున్నాడో.

ఆమె మైకు పట్టుకుని యాత్ర గురించి ఎక్కువేం చెప్పలేదు. బాపు గురించి చెప్పింది.

"మా మామను బస్సుల కామారెడ్డికి తీసుకొచ్చింది నేనే. మా ఆయనకు పిల్లలతోని ఆటల పోటీలు, ఊర్లు తిరుగుడు. అత్తమ్మకు బస్సు పడదు. వచ్చేటప్పుడు మామ కండ్లు మూసుకునే కూసునేటోడు. గని రోడ్డు మలుపును బట్టి చెప్తుండె, ఇది తాడ్వాయి, ఇది లింగంపేట అని. ఒక్క కాడ మాత్రం కండ్లు తెరిచేటోడు. తాడ్వాయి దాటినంక ఎత్తు ఉంటది గదా, గక్కడ. ఒకనాడు అడిగిన, ఏం మామా, గిక్కడ ఏముందని. మా చక్రి పోరగాడున్నప్పుడు గీ ఎత్తు మీదనే సైకిల్ తొక్కుడు నేర్చిండమ్మా, అన్నడు. ఇంకేమన్నడంటే, నేను కిరాణం సామాన్‌కు బస్సుల పోతుంటే కనవడేటోడు. చెమటలు కారంగ, దమ్ము పట్టి తొక్కేటోడు. కిటికీలకెళ్లి చేయి ఊపుదామనిపించేది. ఊపితే ఆగుతడు, ఆగితే ఎత్తు మీద మళ్లీ ఎక్కుడు కష్టం. అందుకని ఊపకపోయేది. తల వెనక్కి తిప్పి కనవడేదాక చూసేటోణ్ణి, అన్నడు. గా మాట చెప్పినంక ఆ రోజు నీళ్లడగలే, నొప్పనలే. ఇల్లొచ్చేదాక ఖుషీగున్నడు."

సభలో ఎవరో కళ్లు తుడుచుకున్నారు. తర్వాత చప్పట్లు మోగాయి. మూడో వరసలో చక్రధర్ చేతులు కదల్లేదు.

బాపు అతనితో ఎన్నడూ ఆ మాట అనలేదు. కప్పు తెచ్చి చూపిస్తే, "మంచిగుంది. నౌకరి ఏమన్న వస్తదా దీంతోని?" అన్నాడు. ఆ ఒక్క మాటనే పాతికేళ్లుగా మోస్తున్నాడు చక్రధర్. ఇప్పుడు వంద మంది ముందు, తన భార్య నోట, తనకు తెలియని బాపు కనిపించాడు. దండలు, శాలువాలు, పేపర్లు, ఇవన్నీ పోతే పోయాయి. బాపు కూడా ఆమెకే దొరికాడా?

ఎల్లారెడ్డి బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. బస్సు ఊరు దాటింది.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు చక్రధర్.

"ఏంది?"

"బాపు ముచ్చట. అందరికి జెప్పినవు. నాకెందుకు చెప్పలే?"

పద్మప్రియ అతని వైపు తిరిగింది. "చెప్పనిచ్చినవా? ఇంటికొచ్చినంక బాపు మాట తీస్తే లేచి పోతుంటివి. ఇయ్యాల బస్సుల మామ ఏమన్నడంటే అని మొదలువెడితే, మందులేసుకున్నడా లేదా అంతే అడుగుతుంటివి. పోయినంకనైతే ఆయన పేరెత్తితేనే బయటికి పోతివి. ఎన్నిసార్లు మొదలువెట్టాలె?"

"గందుకని స్టేజీ ఎక్కి చెప్తవా?"

"నువ్వు పేపర్ల చెప్పలేదా?"

కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు. ఇద్దరూ గొంతు తగ్గించారు.

"నాకు కుళ్లయితుంది" అన్నాడు చక్రధర్. ఆ మాట అంటాడని అతనికే తెలియదు. కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "నువ్వు ఘాటెక్కుతుంటే పడాలె అని చూసిన. ఎదురుగాలి రావాలె అని చూసిన. నా మోకాలుకంటె గదే ఎక్కువ నొస్తుంది."

ఆమె అతని వైపే చూస్తూ అంది, "తెల్వదనుకున్నవా? నా వీపు మీద నీ కండ్లు నాకు తెల్వయా? నేను గూడ ఒకటి చెప్త, కోపానికి రాకు. నువ్వు పడ్డనాడు నాకు భయమైంది. గని మర్నాడు నువ్వు ఎనకున్నవు, నేను ముంగటున్న. గట్ల ఎన్నడన్న అయిందా? పెండ్లయినకెళ్లి నీ ఎనకనే ఉన్న. సంబురమైంది. మస్తు సంబురమైంది. అబద్ధమెందుకు."

చక్రధర్‌కు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ కోపంతో పాటు, పేపరొచ్చిన రోజు నుంచి గొంతులో ఉన్నదేదో కాస్త కదిలినట్టయింది. పక్కన కూర్చున్నది దేవత కాదు, తనలాంటి మనిషే.

"ఆఖరి ముక్క నేను తొక్కుత" అన్నాడు. "కామారెడ్డికెళ్లి ఎల్లారెడ్డి దాక."

"తొక్కు. ఎవలొద్దన్నరు? గని నేనాగ."

"ఆగుమన్ననా?"

*

ఏప్రిల్ చివర బడులు మూసిన మర్నాడే పద్మప్రియ కర్నూలులో బయలుదేరింది. చీకటితో లేచి, ఎండ ముదిరేలోపు ఎంత వీలైతే అంత తొక్కుతూ, హైదరాబాదు దాటి కామారెడ్డి చేరింది. ముఖం నల్లబడి, పెదాలు పగిలి, ముంజేతులు కందిపోయి ఉన్నాయి. ఆ రాత్రి చుట్టాలింట్లో పడుకుని, తెల్లవారి ఆఖరి ముక్కకు సిద్ధమైంది. పొద్దున్నే మొదటి బస్సులో, బస్సు మీద తన సైకిల్ వేసుకుని చక్రధర్ వచ్చాడు.

బస్టాండు ముందు జనం పోగయ్యారు. డప్పులు. సంఘంవాళ్లు, టీచర్లు, బస్సు కోసం వచ్చి ఆగిపోయినవాళ్లు. దండ మీద దండ పడుతోంది. చక్రధర్ సైకిల్ పట్టుకుని ఆమె పక్కకు పోబోతే ఒక కుర్రవాడు భుజం మీద చెయ్యి వేసి, "సార్, జర పక్కకు జరుగుండ్రి, మేడం ఫోటో" అన్నాడు. జరిగాడు. మళ్లీ ఆ పాత కుళ్లే. చెప్పుకుంటే పోతుందనుకున్నాడు. పోలేదు.

ప్రేమ్‌కుమార్ అతన్ని గుర్తుపట్టి గబగబా వచ్చాడు. "సార్, పూర్తి చేసేస్తున్నరు! మొత్తం ఎట్ల అనిపిస్తుంది, రెండు మాటలు చెప్పుండ్రి."

మైకు అతని నోటి ముందు ఉంది. చుట్టూ పదిమంది తిరిగి చూశారు. ఎన్ని నెలలుగా ఎదురుచూసిన చూపులవి.

"నన్నడుగొద్దు" అన్నాడు. "నేను తిరునెల్వేలి కాడనే పడిపోయిన. కన్యాకుమారికెళ్లి గీడ దాక మొత్తం తొక్కింది ఆమెనే, పద్మప్రియ. పోయినసారి ఫోన్‌ల నీకు చెప్పాల్సుండె. చెప్పలే. గది తప్పు రాతనే, తప్పు నాది. గీసారి ఆమె ఫోటో వెయ్యి, పేరు పెద్దగ రాయి."

ప్రేమ్‌కుమార్ నోరు తెరుచుకుని చూశాడు. చక్రధర్ చెప్పడమైతే చెప్పాడు గానీ మనసేమీ తేలికపడలేదు. చేతిలోని ముద్ద తీసి పక్క పళ్లెంలో పెట్టినట్టుంది. ఆకలి అట్లానే ఉంది. పద్మప్రియ దండల మధ్య నుంచి ఇటే చూస్తోంది. వినిపించిందో లేదో తెలియదు. హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించుకుంది.

ఇద్దరూ బయలుదేరారు. వెనక మల్లేష్ వ్యాను. ఊరి బయట దాకా పక్కపక్కనే ఉన్నారు. తర్వాత మెల్లగా ఆమె ముందుకు పోయింది. నెలల తరబడి రోడ్డు మీద ఆరితేరిన కాళ్లు అవి. తాడ్వాయి దాటేసరికి చక్రధర్ మోకాలు మూలగడం మొదలైంది. ఎత్తు దగ్గరికొచ్చాడు. చిన్నప్పుడు వందల సార్లు ఎక్కిన ఎత్తు. గేరు దించాడు. సగంలో ఊపిరి తెగింది. పైన పద్మప్రియ వేగం తగ్గించింది, తల తిప్పి చూసింది.

"ఆగకు!" అని అరిచాడు.

"చాతనైతలేదా?"

"నీకెందుకు? నువ్వు పో! ఊర్ల జనం ఎండల నిలవడ్డరు. పోతవా లేదా?"

ఆమె ఒక్క క్షణం చూసి, పెడల్ మీద లేచి నిలబడి, మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. నిజంగానే ఆగలేదు. చెప్పిన మాట మీద నిలబడింది. దానికీ అతనికి కాస్త కోపం వచ్చింది. కాస్త నవ్వూ వచ్చింది. మల్లేష్ వ్యాను పక్కకు తెచ్చి, "ఎక్కురా" అన్నాడు.

"నువ్వు ఆమె ఎంబడి పో. నేనొస్త."

దిగి కొంత దూరం తోశాడు. మళ్లీ ఎక్కి తొక్కాడు. లింగంపేటలో కొట్టు దగ్గర ఆగి సోడా తాగాడు. కొట్టాయన, "ఇప్పుడే ఒక మేడం పోయింది సార్, గాలి లెక్క" అన్నాడు. "మా ఇంటామె" అన్నాడు చక్రధర్. ఆ మాట నోట్లో ఎట్లా ఉందో చూసుకున్నాడు. పుల్లగా ఉంది, తియ్యగానూ ఉంది.

అతను ఎల్లారెడ్డి చేరేసరికి మేళం అయిపోయింది. బస్టాండు దగ్గర నేల మీద బంతిపూల రెక్కలు, కాగితపు గ్లాసులు. కొత్త వ్యాను ముందు కట్టిన రిబ్బను తెగి వేలాడుతోంది. దానిలో అప్పటికే ఎవరో ముసలాయనను ఎక్కించి చూపిస్తున్నారు, సీటు ఎట్లా వెనక్కి వాలుతుందో. చక్రధర్‌ను ఎవరూ పట్టించుకోలేదు. సైకిల్ నడిపించుకుంటూ ఇంటికి పోయాడు.

విమలమ్మ గుమ్మంలోనే ఉంది. చెంబుతో నీళ్లిచ్చింది. "దిగినవా, తొక్కినవా?" అని అడిగింది.

"రెండూ చేసినవ్వా."

లోపల చాప మీద పద్మప్రియ గోడకు ఆనుకుని కాళ్లు చాచుకుని ఉంది. పక్కన దండల కుప్ప. సాయిశ్రీ ఆమె పాదాలకు కొబ్బరినూనె రాస్తోంది. ఫోన్ అదే పనిగా మోగుతోంది, ఆమె ఎత్తడం లేదు. చక్రధర్ ఎదురుగా కుర్చీలో కూర్చోబోయి, మోకాలు వంగక, మెల్లగా జారి చాప మీదే కూలబడ్డాడు. వాచిన మోకాలి మీద కూతురు ఇచ్చిన తడిగుడ్డ వేసుకున్నాడు.

"పేపరాయనకు చెప్పింది విన్న" అంది పద్మప్రియ.

"ఊఁ."

"కుళ్లు తగ్గిందా?"

ఆలోచించి చెప్పాడు. "లేదు. జర తక్కువైంది. గా దండలు జూస్తే మళ్లీ లేస్తుంది."

ఆమె నవ్వింది. పగిలిన పెదవి చురుక్కుమనేసరికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సాయిశ్రీ దండలన్నీ ఎత్తుకుపోయి పెరట్లో బావి గిలకకు తగిలించి వచ్చింది.

తర్వాత చక్రధర్ తడిగుడ్డ తిప్పి వేసుకుంటూ, ఆమె వైపు చూడకుండా అడిగాడు.

"రెండేండ్లు తిరిగినవు గదా బస్సుల. బాపు ఇంకేమేం చెప్పిండు?"

"మస్తు చెప్పిండు. ఎక్కడికెళ్లి చెప్పాలె?"

"మొదటికెళ్లి చెప్పు. లేచి పోను. లేద్దామన్నా మోకాలు లేవనిస్తలేదు."

గుమ్మంలో ఉన్న విమలమ్మ చాట పక్కన పెట్టి, తనూ వినడానికి లోపలికి వచ్చి కూర్చుంది. పద్మప్రియ మోగుతున్న ఫోన్ నోరు నొక్కి బోర్లా పెట్టింది. "మొదటి రోజు ఏమైందంటే," అని మొదలుపెట్టింది, "మామ బస్సెక్కంగనే కండక్టర్‌తోని లడాయి పెట్టుకున్నడు..."